ఐసు ఫ్యాక్టరీలో నేర్చిన బ్యాక్‌హ్యాండ్

ఇప్పుడంటే మా స్కూల్లో అందరూ నన్ను నెమ్మదస్తురాలు అంటున్నారు గానీ, డిగ్రీ చదివే ఆ రోజుల్లో నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు. బస్సు ఆలస్యంగా వస్తే కోపం, నేను వెళ్ళేలోపే వచ్చి వెళ్ళిపోతే ఇంకా కోపం. టీలో పంచదార తక్కువైతే కోపం, "ఇంకొంచెం వెయ్యనా అమ్మా" అని అడిగితే, అది కూడా అడగాలా అని కోపం. అయితే ఇవన్నీ రోజువారీ కోపాలు, వచ్చినట్టే పోయేవి. కడుపులో పుట్టి, చెవుల్లోంచి ఆవిరై బయటికొచ్చిన అసలు సిసలు కోపం నాకు వచ్చింది మాత్రం ఒక ప్లాస్టిక్ బంతి మీద. మూడు గ్రాములు కూడా తూగదు. దాన్ని నెట్ దాటించలేక నేను పడ్డ పాట్లూ, ఆ పాట్ల మధ్య నేను అన్న మాటలూ తలచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. (సిగ్గుతో అని రాయాలనుంది. కానీ ఎక్కువ భాగం కోపంతోనే, అబద్ధమెందుకు.)

మాది కైకలూరు. నాన్నగారు మిషను స్కూల్లో లెక్కల మాస్టారు. నేను రోజూ పొద్దున్నే బస్సెక్కి, కొల్లేరు దాటి, ఏలూరు వెళ్ళి చదువుకునేదాన్ని. అక్కడే, కాలేజీ ఆటల గదిలో, మొదటిసారి టేబుల్ టెన్నిస్ బ్యాటు పట్టుకున్నాను. మొదటి ఏడాది సరదా, రెండో ఏడాది పిచ్చి, మూడో ఏడాదికి పంతం. జిల్లా అమ్మాయిల జట్టులో చోటు దొరికితే రాష్ట్ర పోటీలకి పంపిస్తారు, వీపు మీద జిల్లా పేరు రాసిన నీలం ట్రాక్‌సూటు ఇస్తారు. అది వేసుకుని కైకలూరు బస్టాండులో దిగాలని నా ఆశ. (అక్కడ నిలబడినవాళ్ళకి నా వీపు కనిపించాలంటే ఎటు తిరిగి దిగాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.) నాన్నగారు మాత్రం ముందే తేల్చేశారు. "డిగ్రీ అయ్యేదాకా ఆడుకోమ్మా. ఆ తర్వాత బి.ఇడి. అప్పుడు బ్యాటు అటకెక్కాల్సిందే" అన్నారు. లెక్క పూర్తిచేసి కింద గీత గీసినట్టు మాట్లాడే మనిషి ఆయన, ఆ గీత తర్వాత ఇంక మాట ఉండదు. కాబట్టి నాకు మిగిలింది ఆ ఒక్క ఏడాదే. ఆ ఏడాది జట్టులోకి రాకపోతే ఇక ఈ జన్మకి రానట్టే.

నాకూ ఆ జట్టుకీ మధ్య ఒకే ఒక్క మనిషి అడ్డం. ఏలూరు అమ్మాయి, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆమెకు మేము పెట్టుకున్న పేరు 'సారీయండీ'. ఈ ఆటలో ఒక మర్యాద ఉంది. బంతి నెట్‌కి తగిలి అవతల పడినా, టేబుల్ అంచుకి తగిలి జారిపోయినా, ఆ పాయింటు అదృష్టం కొద్దీ వచ్చింది కాబట్టి చెయ్యెత్తి సారీ చెప్పాలి. ఈ మహాతల్లి గెలిచిన ప్రతి పాయింటుకీ చెప్పేది. పదకొండు పాయింట్లకి పదకొండు సారీలు. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇలా తల కాస్త పక్కకి వంచి, పెళ్ళింట్లో మజ్జిగ గ్లాసు అందించినట్టు మెత్తగా "సారీ అండీ" అంటుంటే ఏం చేస్తాం? "పర్లేదండీ" అనాలి. అన్నాను. మా వైపు మర్యాద అలాంటిది, పళ్ళు నూరుతూ అయినా సరే, చివర 'అండీ' తగిలించాల్సిందే. రెండేళ్ళలో ఆమెతో నేను అన్న పర్లేదండీలన్నీ పోగేస్తే ఓ చిన్న చేపల చెరువు పూడ్చొచ్చు.

ఆమె దగ్గరున్న ఆయుధం ఒకటే, కట్ సర్వీసు. బంతి కింది భాగాన్ని బ్యాటుతో సన్నగా కోసినట్టు కొడుతుంది. బంతి ముందుకొస్తూనే వెనక్కి తిరుగుతూ ఉంటుంది. చూడ్డానికి ఎంత సాధువుగా వస్తుందో చెప్పలేను. నెమ్మదిగా, తలొంచుకుని, నా ఎడమ వైపుకి. ఆహా, దొరికింది అనుకుని బ్యాక్‌హ్యాండ్ ఆడతానా, బ్యాటుకి తగిలిన మరుక్షణం ముక్కు కిందికి పెట్టి నేరుగా నెట్‌లోకి. ఒకసారి కాదు, పదిసార్లు కాదు. కుడివైపు ఎలాంటి బంతి వచ్చినా చూసుకునేదాన్ని, ఎడమవైపు ఈ కట్ వస్తే మాత్రం చేతులు కట్టేసినట్టుండేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇక కుడివైపు ఎందుకు వేస్తుంది? మా కాలేజీలో ఆ సర్వీసు వేసేవాళ్ళు లేరు గానీ సలహాలిచ్చేవాళ్ళకి లోటు లేదు. ఒకరు మణికట్టు తిప్పమన్నారు, ఒకరు మణికట్టు అస్సలు కదపొద్దన్నారు. ఫోన్లో వీడియో పెడితే ఎవరో విదేశీ కోచ్ నవ్వుతూ, ఇది చాలా తేలిక అంటాడు, కొడతాడు, బంతి వెళ్తుంది. మళ్ళీ నవ్వుతాడు. ఎందుకయ్యా ఆ నవ్వు! ఫోను బాబాయిది కాబట్టి బతికిపోయింది.

బాబాయి అంటే నాన్నగారి తమ్ముడు. కైకలూరులోనే ఒక ఐసు ఫ్యాక్టరీకి మేనేజరు. చేపల లారీలు వచ్చే వేళకి ఐసు దిమ్మలు క్రషర్‌లో పడి ముక్కలై పెట్టెల్లోకి చేరాలి, ఆ హడావిడంతా ఆయనదే. కుర్రతనంలో బాబాయి ఊళ్ళో క్లబ్బులో టేబుల్ టెన్నిస్ ఆడేవారట, ఆయన కట్ సర్వీసంటే చుట్టుపక్కల హడలట. (ఈ 'అట'లన్నీ బాబాయి చెప్పినవే.) ఆ క్లబ్బు మూతపడ్డప్పుడు టేబుల్‌ని ఫ్యాక్టరీ యజమాని తీసుకొచ్చి షెడ్డులో ఒక పక్కన వేయించారు. దాని మీద ఎవరూ ఆడరు, పనివాళ్ళు క్యారేజీలు పెట్టుకుంటారు. నా గోడు విన్న బాబాయి ఆ క్యారేజీలు పక్కన పెట్టించి, "కట్ సర్వీసే కదమ్మా! ఇంట్లో మనిషిని పెట్టుకుని ఫోనులో ఎవరినో చూస్తావేంటి? రేపట్నుంచి పొద్దున్నే వచ్చెయ్. నేను వేస్తాను, నువ్వు తియ్యి" అన్నారు.

అలా నలభై రోజులు. తెల్లారగానే నేను, బాబాయి, మధ్యన ఆ టేబుల్. చుట్టూ మోటార్ల మోత, గొంతులో గుచ్చుకునే అమ్మోనియా వాసన, కాళ్ళ కింద ఎప్పుడూ నీళ్ళు. టేబుల్ మీద చెమ్మ పట్టేది. తువ్వాలుతో తుడిచేవాళ్ళం, రెండు నిమిషాల్లో మళ్ళీ పట్టేది. బాబాయి నడుం వంచి, కళ్ళు చిట్లించి, బంతిని ఎగరేసి, మహా గంభీరంగా కోసేవారు. మొదటి రోజు భయపడుతూ ఆడాను. బంతి వెళ్ళింది! ఇంకోటి. అదీ వెళ్ళింది. బ్యాటుని ముందుకి వాల్చి, బంతి మీదికి మూసినట్టు ఒక్కటి వేస్తే చాలు, బుల్లెట్టులా అవతల. వారం తిరిగేసరికి బాబాయి వేసిన ప్రతి కట్‌నీ చీల్చి చెండాడుతున్నాను. ఆయన ఆయాసపడుతూ, "అబ్బ, ఏం కొడుతున్నావమ్మా! నా చెయ్యి ఇదివరకులా తిరగట్లేదనుకో, అయినా నీ బ్యాక్‌హ్యాండ్ మామూలుగా లేదు" అనేవారు. నేను గాల్లో తేలిపోయాను. కాలేజీలో ఆటలు చూసే పి.డి. మేడమ్‌కి చెప్పాను, "ఇంక ఆ సర్వీసు నా దగ్గర పనిచెయ్యదు మేడమ్" అని. బస్సులో పక్క సీటు ఆవిడకి కూడా చెప్పాను. ఆవిడ రొయ్యల చెరువు పని మీద వెళ్తున్నారు, కట్ సర్వీసు గురించి అడగలేదు, అయినా చెప్పాను.

జిల్లా పోటీలు తాడేపల్లిగూడెంలో, ఆదివారం. చర్చిలో ఆరాధన మానేసి ఆటలేంటని నాన్నగారు అంటే, బాబాయే సర్దిచెప్పి పొద్దున్న మొదటి ఆరాధన అవగానే నన్ను బస్సెక్కించి తనూ ఎక్కారు. జట్టులో నాలుగు చోట్లు, ముగ్గురు అప్పటికే ఖాయం, మిగిలిన ఒక్క చోటు కోసం లీగ్. మిగతా అందరి మీదా గెలిచాను. ఆఖరున సారీయండీ. ఆ హాలు ఎంత బాగుందో! ఎత్తైన పైకప్పు, పొడి నేల, కొత్త టేబుల్. నలభై రోజుల ఆకలి మీద ఉన్నాను నేను. ఆమె బంతి ఎగరేసింది, కోసింది, అది సాధువులా నా ఎడమవైపుకి వచ్చింది. బ్యాటు మూసి, పళ్ళు బిగబట్టి, ఒక్కటి వేశాను. నెట్ అడుగున.

"సారీ అండీ" అంది.

మొదటిది కదా, చెయ్యి ఇంకా వేడెక్కలేదనుకున్నాను. రెండోది ఇంకా గట్టిగా కొట్టాను. అదీ నెట్ అడుగునే. ఇంకా గట్టిగా. ఇంకా అడుగున. మొదటి గేము పదకొండు-రెండు. రెండోది పదకొండు-ఒకటి. మూడో గేములో నాకు మూడు పాయింట్లొచ్చాయి, అందులో రెండు ఆమె సర్వీసు తప్పడం వల్ల. (అప్పుడూ "సారీ అండీ" అంది. అది ఎవరికి చెప్పిందో ఇప్పటికీ తెలియదు.) ముప్ఫైమూడుకి పైగా సారీలు నా మీద పడ్డాయి. బ్యాటుని కాలికేసి కొట్టుకుంటే కాలు వాచింది, బ్యాటుకి ఏమీ కాలేదు.

ఆట అయ్యాక నేను బెంచీ మీద కూర్చుని నేలలోకి చూస్తుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. నా బ్యాటు తీసి రబ్బరు మీద వేలు పెట్టి చూసింది. "రబ్బరుకి పట్టు బాగానే ఉందండీ. మరి మీరు బ్యాటు అంత మూసేసి ఎందుకు కొడుతున్నారండీ? కట్ బాల్‌ని పైనుంచి కొడితే నెట్‌లోకే కదండీ పోతుంది" అంది. "నలభై రోజుల నుంచి ఇలాగే కొడుతున్నానండీ, ఒక్కటి కూడా నెట్‌లో పడలేదు" అన్నాను, గొంతు పైకి లేవకుండా చూసుకుంటూ. "ఎక్కడ ప్రాక్టీస్ చేస్తారండీ?" "ఐసు ఫ్యాక్టరీలో." ఆమె ఒక క్షణం నా వైపు చూసింది. పెదాలు గట్టిగా బిగించింది. ముక్కు పుటాలు అదిరాయి. "ఏం లేదండీ... రబ్బరుకి తడి తగిలితే బంతిని పట్టుకోదండీ, జారిపోతుంది. ఎంత కోసినా కట్ పడదండీ. మీకు వచ్చిన బంతులు... మామూలు బంతులేనేమోనండీ" అని, ఇక ఆపుకోలేక, మొహం తువ్వాల్లో దాచుకుని లేచి వెళ్ళిపోయింది. భుజాలు ఊగిపోతున్నాయి. ఆ భుజాలు ఇప్పటికీ నాకు కనిపిస్తాయి.

నలభై రోజులు! ఉత్త బంతుల్ని, పాపం పుణ్యం ఎరగని మామూలు బంతుల్ని చీల్చి చెండాడి, దానికి బ్యాక్‌హ్యాండ్ అని పేరు పెట్టుకున్నాను. ప్రపంచంలో ఎవరైనా చేస్తారా ఈ పని? టేబుల్ టెన్నిస్ నేర్చుకోవడానికి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాలన్న ఆలోచన కైకలూరు వాళ్ళకి తప్ప ఇంకెవరికి వస్తుంది? తిరుగు బస్సులో కిటికీ పక్కన నేను, పక్కన బాబాయి. ఆయన వేరుశెనక్కాయల పొట్లం కొని నా ఒళ్ళో పెట్టారు.  ఉంగుటూరు దాటాక పొట్లం ఆయన ఒళ్ళో పడేసి మొదలుపెట్టాను. "మీ దగ్గర నేర్చుకోబట్టే నా గతి ఇలా అయ్యింది బాబాయ్. మీకు ఆట వచ్చని ఎవరు చెప్పారు? ఆ తడి మీకు కనిపించలేదా? ఐసు అమ్ముకునేవాళ్ళు ఐసు అమ్ముకోవాలి గానీ ఆటలు నేర్పకూడదు" అన్నాను. బస్సులో నలుగురు తిరిగి చూశారు. బాబాయి పొట్లం మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు.  దెందులూరు దగ్గర, బయటికి చూస్తూ, "నిజమేనమ్మా. నాకు తట్టలేదు. ఇరవై ఏళ్ళ నుంచి ఆ తడిలోనే ఉన్నాను కదా, తడి అని తెలియలేదు" అన్నారు. అప్పుడే క్షమాపణ చెప్పుండాల్సింది. కానీ నాకు ఇంకా కోపంగానే ఉంది, చెప్పలేదు.

ఇంటికి చేరేసరికి పి.డి. మేడమ్ ఫోను. లీగ్‌లో సారీయండీ ఇంకో అమ్మాయి చేతిలో ఓడిపోయిందట, ఆ అమ్మాయి మీద నేను గెలిచాను. ఇద్దరికీ పాయింట్లు సమానం. మూడు వారాల తర్వాత ఏలూరులో మా ఇద్దరికీ ఒక్క మ్యాచ్, గెలిచినవాళ్ళు జట్టులోకి. ఊపిరి పీల్చుకోవాలో గుండెలు బాదుకోవాలో తెలియలేదు. అదే మనిషి, అదే సర్వీసు, మూడు వారాలు.

మర్నాడు పొద్దున్న బాబాయి దగ్గరికి వెళ్ళకూడదనుకున్నాను. ఆయనే మా గుమ్మంలోకి వచ్చి, "పద, టేబుల్ మార్చాను" అన్నారు. యజమానిని బతిమాలి, తెల్లవారుజామునే నలుగురు పనివాళ్ళ చేత మోయించి, తెలిసిన ఆయన మేత గొడౌనులో వేయించారు. "ఇక్కడ చుక్క తడి ఉండదమ్మా" అన్నారు గర్వంగా. తడి లేదు, నిజమే. చేపల మేత బస్తాల నుంచి రేగే తవుడు ఉంది. పది నిమిషాల్లో టేబుల్, బంతి, రబ్బరు, మా కనుబొమ్మలు అన్నీ ఒకే రంగులోకి వచ్చాయి. బంతి బ్యాటు మీద నుంచి ఆవకాయ ముక్కలా జారిపోతోంది. మా ఊళ్ళో ఉన్నవి రెండే, తడి లేదా దుమ్ము. నేను బ్యాటు విసిరి కొడితే అది ఓ మేత బస్తాలో దిగబడింది. గొడౌను ఆయన పాపం పెద్దమనిషి, "పర్లేదండీ, బస్తా కుట్టించుకుంటాం గానీ, మీరు రేపు రాకపోతే మేలండీ" అన్నారు.

చివరికి టేబుల్ చేరింది బాబాయి వాళ్ళ ముందు గదిలోకి. మొత్తం పట్టలేదు, సగమే పట్టింది. నేను ఆ సగం వెనక, వీధి గుమ్మం వైపు. బాబాయి వంటింటి గడపలో నిలబడి, పీట మీద బంతి ఒకసారి టప్పా పడేలా సర్వీసు వేయాలి, అక్కణ్ణుంచి అది సగం టేబుల్ మీదికి రావాలి. సోఫా వరండాలోకి వెళ్ళింది, టీవీ మీద దుప్పటి కప్పారు. పిన్ని ఇదంతా చూసి, "ఏవండీ, ఇది ఇల్లాండీ, క్లబ్బాండీ? నేను పోపు పెట్టుకోవాలంటే మీ సర్వీసు అయ్యేదాకా ఆగాలాండీ?" అంది. బాబాయి వినిపించుకోలేదు. పొడి రబ్బరుని అరచేత్తో తుడుచుకుని, బంతి ఎగరేసి, కోశారు.

ఆ బంతి పీట మీద పడి, టేబుల్ మీద పడి, ఆగి, వెనక్కి వెళ్ళింది. ఒట్టు, వెనక్కి వెళ్ళింది. ఇంకోటి కోశారు. నేను కొట్టాను, అది నా కాళ్ళ దగ్గరే పడింది. బాబాయి బ్యాటు కేసి, బంతి కేసి, మళ్ళీ బ్యాటు కేసి చూసుకుని, "ఒసేయ్, నా కట్ పోలేదే! వయసొచ్చి చెయ్యి పడిపోయిందనుకున్నాను, చెయ్యి బాగానే ఉందే!" అని పిన్ని భుజాలు పట్టుకుని ఊపేశారు. ఆమె చేతిలో గరిటె. ఆయన మొహం వెలిగిపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా బతుకు నెట్‌లో పడుతుంటే ఈయనకి సంబరమా! ఆ తర్వాత పది రోజులు ఆయన కోస్తూనే ఉన్నారు, రోజురోజుకీ కుర్రాడైపోతున్నారు. నేను బ్యాటు విసిరి గోడ మీద పదకొండు మరకలు చేశాను, పిన్ని లెక్కపెట్టి చెప్పింది.

పదకొండో రోజు ఇక నా వల్ల కాలేదు. వరసగా ఇరవై బంతులు. ఇరవయ్యొకటోది వస్తుంటే విసుగు పుట్టి, కొట్టడమే మానేశాను. అది టేబుల్ మీద లేచి, కిందికి దిగడం మొదలెట్టింది. అప్పుడు, చీ పో, అన్నట్టు, ఎడమ మోకాలి దగ్గర వేలాడుతున్న చేతిని కిందనుంచి పైకి, ముందుకి, ఒక్క విదిలింపు విదిలించాను. చీమని దులుపుకుంటాం చూడండి, అలా. బంతి బ్యాటుని రాసుకుంటూ లేచి, నెట్ ఉండాల్సిన చోటుని (అక్కడ పిన్ని చీర కట్టాం) దాటి, బాబాయి చెవి పక్కనుంచి వంటింట్లోకి వెళ్ళి పప్పుగిన్నెలో పడింది.  "మళ్ళీ వెయ్యండి" అన్నాను. మళ్ళీ విసుక్కున్నాను. మళ్ళీ వెళ్ళింది. అదీ కిటుకు! ఆ బంతికి ఎదురెళ్ళి కొట్టకూడదు. మోకాళ్ళు వంచి, బ్యాటు మొహం కాస్త పైకి తెరిచి, బంతి దిగేదాకా ఆగి, కింద నుంచి విదిలించాలి. ఇన్నాళ్ళూ నేను చేసిందల్లా కోపాన్ని బంతి కంటే ముందు పంపడం. కోపం ఉండొచ్చు, కాస్త ఆలస్యంగా రావాలంతే. మిగిలిన వారం రోజులూ రోజుకి మూడొందల బంతులు విదిలించాను. పిన్ని పప్పు గిన్నెల మీద మూతలు పెట్టుకుంది.

ఏలూరు మ్యాచ్‌కి బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. సారీయండీ మొదటి సర్వీసు అదే, సాధువులా, ఎడమవైపుకి. ఆగాను. దిగింది. విదిలించాను. ఆమె కదలకముందే బంతి ఆమె మూల దాటి గోడకి తగిలింది. రెండోదీ అంతే. మూడోదానికి ఆమె బ్యాటు కేసి చూసుకుంది. హాల్లో ఎవరో "అబ్బో" అన్నారు. (ఎవరో ఏమిటి, బాబాయే.) మొదటి గేము పదకొండు-ఏడు, నాది. ఆమె ఎంత కంగారుపడిందంటే, తను గెలిచిన ఏడు పాయింట్లకి కూడా ఒక్క సారీ చెప్పలేదు. జీవితంలో అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేను.

రెండో గేము మొదలైంది. ఆమె బంతి ఎగరేసింది, కోస్తున్నట్టే చెయ్యి తిప్పింది, కానీ కోయలేదు. వేగంగా, తిన్నగా, మామూలు బంతి. నేను ఆగాను, వంగాను, కింద నుంచి విదిలించాను. బంతి పైకి లేచింది. లేచి, లేచి, టేబుల్ మొత్తం దాటి, పి.డి. మేడమ్ టీ గ్లాసులో పడింది. "సారీ అండీ." మళ్ళీ మామూలు బంతి. మళ్ళీ ఆకాశంలోకి. నాకు ఏమీ అర్థం కాలేదు, ఆ తర్వాత అంతా అర్థమైంది. ఐసు ఫ్యాక్టరీలో నలభై రోజులు నేను ఇరగదీసింది ఈ బంతినే. అప్పుడు బ్యాటు మూసి కొట్టేదాన్ని. ఈ మూడు వారాల్లో దాన్ని పూర్తిగా మర్చిపోయి, ఇప్పుడు వచ్చిన ప్రతిదాన్నీ ఎత్తుతున్నాను. బాబాయికి వచ్చిన సర్వీసు ఒక్కటే, ఆయన వేసింది అదే, నేను నేర్చుకున్నది అదే. మూయాలనుకునేసరికి ఆమె కోసేది, తెరవాలనుకునేసరికి తిన్నగా వేసేది. ఆరు, ఎనిమిది, చివరి గేములో తొమ్మిది దాకా పాకాను. పదకొండోది ఆకాశంలోకి వెళ్ళి, తీరిగ్గా, గోడ పక్కన పడింది. జట్టు నాలుగో చోటు ఆమెది.

చేతులు కలపడానికి ఆమె ముందుకొచ్చింది. నేను కలపలేదు. బ్యాటు సంచిలో పడేసి బయటికి వచ్చేశాను. అది తలచుకుంటే మాత్రం నిజంగానే సిగ్గుతో మొహం వేడెక్కుతుంది. తలుపు దగ్గర వెనక్కి చూస్తే, నా బదులు బాబాయి ఆమె దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని, "మా అమ్మాయికి కాస్త కోపం ఎక్కువమ్మా, ఏమీ అనుకోవద్దు. నీ సర్వీసు మార్చుకున్నావు చూడు, అది చాలా గొప్ప ఆలోచనమ్మా" అంటున్నారు. బస్సులో ఆయన మొహం చూస్తే ఓడినవాళ్ళ బాబాయిలా లేరు. "చూశావా? ఆ అమ్మాయి తన సర్వీసే వదులుకోవాల్సి వచ్చింది నీ వల్ల" అని కొల్లేరు దాటేదాకా అదే మాట. "ఓడిపోయాను బాబాయ్, అర్థమవుతోందా? అయిపోయింది, ఇంక లేదు" అని నేను అరిస్తే, "ఓడిపోయావులే, కానీ ఆ సర్వీసు..." అని మళ్ళీ మొదలు. ఆ వారమంతా ఫ్యాక్టరీకి ఐసు కోసం వచ్చినవాళ్ళందరికీ చెప్పారట. ఓటమిని ఊరంతా పంచిపెడుతున్నారని నాలుగు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. వేసవిలో నాన్నగారు బ్యాటుని గుడ్డలో చుట్టి, అటక మీద జాగ్రత్తగా పెట్టారు.

ఇప్పుడు నేను దెందులూరు దగ్గర ఒక స్కూల్లో టీచర్ని. కోపం కొంచెం తగ్గింది, పిల్లలు ఆలస్యంగా వస్తే ఒకసారి ఆగి, తర్వాత కోప్పడతాను. ఐసు అమ్ముకోమని బస్సులో బాబాయిని అన్న మాట మాత్రం లోపల అలాగే ఉండిపోయింది. పండక్కీ పబ్బానికీ కలిసినప్పుడు నోటిదాకా వచ్చేది, పిన్ని టీ తెచ్చేది, ఆగిపోయేది. పోయిన నెల సెలవులకి వెళ్ళినప్పుడు, ఇవాళ చెప్పేద్దామని పట్టుబట్టి నేరుగా ఐసు ఫ్యాక్టరీకే వెళ్ళాను. బాబాయి జుట్టంతా తెల్లబడింది, చొక్కా మాత్రం ఇస్త్రీదే. ఆఫీసు గదిలో ఓ లారీ డ్రైవరు గారు, ఓ చేపల వ్యాపారి. బాబాయి కుర్చీలోంచి లేచి, మోకాళ్ళు వంచి, చేత్తో విదిలిస్తూ చెబుతున్నారు. "... ఆ సర్వీసు తీసినవాళ్ళు జిల్లాలోనే లేరండీ. మా అమ్మాయి ఇలా ఆగింది. దిగనిచ్చింది. కింద నుంచి ఒక్కటి! ఆ పిల్ల నిలబడిపోయింది. మూడు-ఒకటి అండీ. మా అమ్మాయే గెలిచింది."

గుమ్మంలో నిలబడ్డ నాకు, చెప్పాలనుకున్న క్షమాపణ ఎటు పోయిందో గానీ, పాత కోపం సర్రున వచ్చేసింది. "బాబాయ్! అబద్ధాలెందుకు చెబుతారు? మూడు-ఒకటి నేను ఓడిపోయాను. జట్టులోకి వెళ్ళింది ఆవిడ."

బాబాయి నా వైపు తిరిగి, ఏమాత్రం తడబడకుండా, "నువ్వూరుకో అమ్మా. నువ్వు ఆడుతున్నావు, నీకేం తెలుసు? చూసింది నేను" అన్నారు.

ఇన్నేళ్ళుగా ఆయన చూస్తున్నది ఆ మొదటి గేమునే అని అప్పుడు తెలిసింది. నేను మాత్రం ఓడిన మూడు గేములనే ఆడుతూ కూర్చున్నాను. నోరు తెరిచినదాన్ని, ఒకసారి ఆగాను. డ్రైవరు గారు కుర్చీలోంచి లేచి, తలపాగా సర్దుకుని, మహా మర్యాదగా నా వైపు వంగి, "మంచి ఆట ఆడారండీ. చాలా సంతోషమండీ" అన్నారు.

"థాంక్సండీ" అన్నాను.